ఏ సామికీ పండగ లేని రోజు

ఫెరియా అన్న మాట నేను మొదటిసారి విన్నది నా పెద్దకూతురికి చెవులు కుట్టించేటప్పుడు. మా అత్త బొమ్మి తన చెల్లెల్ని పిలవడానికి ఫోన్ చేసి, స్పీకరు పెట్టి, ఇల్లంతా వినేట్టు మాట్లాడుతోంది. అవతలి నుంచి పంకజం చిన్నత్త గొంతు వచ్చింది.

"ఆ వారం ఒక్క ఫెరియా కూడా లేదక్కా. దాని తరువాతి వారం పెట్టుకుంటే వస్తాను."

మలేరియా లాంటిదేదో అనుకున్నాను నేను. "చిన్నత్తకు ఒంట్లో బాగాలేదా అత్తా?" అని అడిగాను. మా అత్త నవ్వీ నవ్వీ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"ఆ జరం రాకనే గదా దానికి ఇంత కష్టం!" అంది.

ఫెరియా జ్వరం కాదు, చర్చి క్యాలెండర్లో ఒక మాట. ఆ క్యాలెండర్లో ఏడాది పొడుగునా ఎవరో ఒక పునీతుడి పేరు ఉంటుంది. ఈ రోజు ఫలానా అపోస్తలుడు, రేపు ఫలానా కన్యక, ఎల్లుండి దేవుడి కోసం తల ఇచ్చిన ఫలానా మహానుభావుడు. వాళ్ళను బట్టి ఫాదర్ పూజకు వేసుకునే పైబట్ట రంగు మారుతుంది. సంతోషమైన పండగకు తెలుపు, రక్తం చిందించినవాళ్ళకు ఎరుపు, ఉపవాసాల కాలానికి ఊదా. మధ్యలో ఎవరి పండగా పడని వట్టి వారపు రోజు ఒకటి వస్తుంది చూడండి, ఆ రోజు పేరు ఫెరియా. ఏడాదిలో చాలా భాగం ఆ రోజు రంగు ఆకుపచ్చ. పూజకొచ్చే తమిళ జనం దాన్ని 'సాదా నాళ్', అంటే మామూలు రోజు, అని ఊరుకుంటారు. ఫెరియా అనే మాట రాజపాళయం మొత్తం మీద బహుశా ఇద్దరి నోట్లోనే ఉండేది. ఒకరు చర్చి బట్టల పని చూసుకున్న కేరళ సిస్టరమ్మ. ఆమె చాలా కాలం కిందటే పోయింది. రెండో మనిషి మా చిన్నత్త.

అట్లాగని చిన్నత్త మతం మారిందనుకునేరు, అదేం లేదు. శనివారం పెరుమాళ్ళకు ఒంటిపొద్దు ఉండే మనిషి. సేత్తూరులో నాయుళ్ళ ఇంట పుట్టింది. తల్లి చిన్నప్పుడే పోతే అక్క బొమ్మే ఎత్తుకుని పెంచింది. పెళ్ళయి సత్రపట్టికి వెళ్ళింది. పుండ్లకు కట్టే పల్చటి కట్టుగుడ్డ నేసే ఊరది. మొగుడు మగ్గం దగ్గర, ఈమె గుడ్డ మడిచే చోట. పిల్లలు పుట్టకముందే ఆయన కామెర్లతో పోయాడు. తర్వాత కూడా అక్కడే కూచుని, పత్తి ధూళి మింగుతూ, దగ్గుతూ, గుడ్డ మడుస్తూ ఉండిపోయింది.

ఆ కేరళ సిస్టరమ్మ తమ మందుల గదికి కట్టుగుడ్డ కొనడానికి వచ్చి ఈమె మడత చూసిందట. అంచుకు అంచు అతుక్కుపోయినట్టు ఉండేదట. "రాజపాళయంలో మా చర్చికి వస్తావా? బట్టలు ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, రోజుకు తగిన రంగు తీసి పెట్టాలి" అంది. చిన్నత్త ఆ వారమే వెళ్ళి చేరింది.

ఇంక చూడండి బంధువుల నోళ్ళు! "నాయుళ్ళ ఇంటి ఆడది ఇస్త్రీపెట్టె పట్టుకునిందా?" అని ఊరూరా పాకింది మాట. మా అత్త ఒక పెళ్ళి పందిట్లో అందరి ముందూ లేచి నిలబడి, "సరి. దానికి మూడు పూటలా అన్నం పెట్టేవాళ్ళు ఎవురో చెయ్యెత్తండి, రేపే మానిపిస్తాను" అన్నదట. ఒక్క చెయ్యి లేస్తే ఒట్టు. ఆ తర్వాత ఆ మాట వెనకాల అన్నారేమోగానీ ముందర ఎవరూ అనలేదు.

చిన్నత్త పని చూస్తే తప్ప తెలియదు. పూజ జరిగే బల్ల మీద పరిచే తెల్లగుడ్డ, రెండు పక్కలా నేల దాకా జారేది, దాని మీద మైనం చుక్కలు, పూల మరకలు. మైనాన్ని గోటితో గీకకూడదు, కాగితం వేసి ఇస్త్రీపెట్టె తాకించి పీల్చాలి. ఫాదర్ గిన్నె తుడిచే చిన్న గుడ్డలుంటాయి. వాటిని ఉతికిన మొదటి నీళ్ళు కాలవలో పొయ్యకూడదు, మట్టిలోనే పొయ్యాలి. ఆ నీళ్ళన్నీ ఒక మందార చెట్టుకు పోసేది. తర్వాత అన్నం గంజి పెట్టి, ఆరేసి, నీళ్ళు చిలకరించి, నిలబడి ఇస్త్రీ. కూచుని చేస్తే అంచు వంకర పోతుందట. నిలబడీ నిలబడీ ఆమె పిక్కల మీద నరాలు మెలికలు తిరిగి నల్లబడ్డాయి. సబ్బుకూ గంజికీ వేళ్ళ సందులు ఒరుసుకుపోయి ఏడాదంతా పచ్చిగానే ఉండేవి.

అందరికీ పండగంటే కొత్తబట్టలు. చిన్నత్తకు పండగంటే ఉతకాల్సిన బట్టలు. ఎవరి పండగా లేని రోజున ఆ ఆకుపచ్చ బట్టే మళ్ళీ కొక్కేనికి తగిలిస్తే సరిపోతుంది, ఉతుకు లేదు, గంజి లేదు. అందుకని ఆమె బతుకులో పనులన్నీ ఫెరియాలకే ముడిపడిపోయాయి. రేషను కొట్టుకు పోవాలన్నా ఫెరియా, తలంటుకోవాలన్నా ఫెరియా. ఒకసారి పన్ను వాచి బుగ్గ ఇంత అయితే, ఇద్దరు పునీతుల పండగలు దాటేదాకా లవంగం నొక్కిపెట్టుకుని, ఫెరియా వచ్చాకే పోయి పీకించుకుంది. వింటే నవ్వొస్తుంది. నాకు మాత్రం ఒళ్ళు మండేది. మీకు జీతమిచ్చేది ఆ ఫాదరా, లేక ఆ పునీతులందరూ కలిసి తలా కాస్తా ఇస్తున్నారా అని మొహం మీదే అడిగాను. ఆమె నా గడ్డం పట్టుకుని, "నీ కోపం నీ ముక్కు మీదనే ఉంటుందే తల్లీ" అంది.

నా చెడ్డ కోపం గురించి చెప్పాను కాబట్టి అది ఎందుకొచ్చేదో కూడా చెప్పాలి. మాది మంసాపురం. రాజపాళయం నుంచి బస్సెక్కితే ఒక కునుకు తీసేలోగా మా ఊరు. ఆ మాత్రం దూరం రావడానికి మనిషికి క్యాలెండర్ కావాలా? వచ్చినా చెప్పులు విడిచిన చోటే చూస్తూ కూచునేది. కాఫీ తాగేది, పిల్లల తల నిమిరేది, "సాయంగాలం పూజకు బల్లగుడ్డ మార్చాల" అని లేచేది. మా అత్త వాకిట్లో నిలబడి బస్సు కనబడినంత సేపు చూసి లోపలికి వచ్చేది. నా కోపమంతా ఆ ముఖం చూసే.

పోయిన ఏడాది ఎండాకాలం చివర్లో మా అత్తకు కడుపులో గడ్డ అన్నారు. మదురైలో కోసి చూశారు, చూసి మళ్ళీ కుట్టేశారు. "ఇంటికి తీసుకుపోయి బాగా చూసుకోండి" అన్నారు. ఆ మాటకు అర్థమేమిటో మా ఆయన మాధవన్‌కు తెలుసు, నాకు తెలుసు. మేం చెప్పకముందే మా అత్తకూ తెలుసు.

ఆమె పెద్దగా ఏమీ అడగలేదు. ఉప్పు చేప తినాలనలేదు, కొడుకు పొలం అమ్మకూడదనలేదు. ఒకనాడు నేను ఒళ్ళు తుడుస్తుంటే నా మణికట్టు పట్టుకుంది.

"సత్యా, పంకజాన్ని ఒక దినం రమ్మను. కాఫీ తాగి పోయే దినం కాదు. తెల్లారి నించి పొద్దుగూకే దాకా నా దగ్గరే ఉండల్ల. ఒక నిండు దినం. నేను పోయేలోపల అది చాలు నాకు."

"పిలిపిస్తాను అత్తా" అన్నాను. అన్నానేగానీ, అది ఇంత కష్టమవుతుందని అనుకోలేదు.

అప్పటికి ఆడి నెల వచ్చేసింది. కొండ మీంచి గాలి దిగి తాటాకులు, తడికెలు, ఆరేసిన బట్టలు ఏదీ వదలకుండా ఎత్తుకుపోయే నెల. ఫోన్ చేస్తే చిన్నత్త ఏడ్చింది. మంగళవారం ఫెరియా, ఆ రోజు తప్పకుండా వస్తానంది. మా అత్త ఆ రోజు పొద్దున్నే తల దువ్వించుకుని, రోజూ కట్టే నూలు చీర వద్దని జరీ అంచు చీర కట్టించుకుని కూచుంది. పదింటికి ఫోన్. బిషప్పుగారు చెప్పాపెట్టకుండా వస్తున్నారట, పిల్లలకు ఏదో దీవెన పూజ, పెద్ద తెల్లబట్టలన్నీ తియ్యాలట. మా అత్త "సరి, పనికి పోనీ" అని చీర మార్చమంది.

తర్వాతి ఫెరియాకు పక్క ఊరి ముసలి ఫాదర్ చనిపోయాడు. ఆయన సమాధి పూజకు ఎన్నెన్నో ఊళ్ళ ఫాదర్లు వచ్చారు, వాళ్ళందరికీ బట్టలు. ఆ తర్వాత ఇంక ఫెరియాలే కరువైపోయాయి. జూలై చివర, ఆగస్టు మొదట్లో పునీతులు ఒకరి వెనక ఒకరు బారు తీరి ఉంటారట. దాని మీద ఆ చర్చి పెద్ద తిరువిళా ఆగస్టు పదిహేనున, మేరీమాత పరలోకానికి పోయిన పండగ. కొడి, అంటే జెండా, ఎక్కించింది మొదలు తేరు తిరిగే దాకా రోజూ పూజ, రోజూ ఉతుకు. మా అత్త అడగడం మానేసింది. అడిగినన్నాళ్ళూ నాకు చిన్నత్త మీద కోపంగా ఉండేది, మానేశాక నాకు భయం వేసింది. గంజి కూడా రెండు చెంచాలకు మించి దిగడం లేదు.

ఇంక పరువుమర్యాదలు చూసుకుంటే పని కాదని నేనే బస్సెక్కి రాజపాళయం వెళ్ళాను.

చర్చి వెనక ఫాదర్లు బట్టలు మార్చుకునే గది. చిన్నత్త బల్ల ముందు నిలబడి ఉంది, ఎదురుగా తెల్లటి జరీ బట్ట, చేతిలో ఇస్త్రీపెట్టె. బయట తీగ మీద గుడ్డలు గాలికి టపటపా కొట్టుకుంటున్నాయి. నన్ను చూసి ఆమె మొహం వాడిపోయింది. ఇస్త్రీపెట్టె మాత్రం ఆగలేదు.

"అక్క ఎట్ల ఉండాది?"

"ఉండాది. ఎన్నాళ్ళుంటుందో తెలీదు. మీరెప్పుడు వస్తారు చిన్నత్తా?"

"తిరువిళా అయిపోనీ తల్లీ. పండగ మరునాడు ఫెరియా. మొదటి బస్సుకే వచ్చేస్తాను."

"ఆ దినం దాకా అత్త ఉండల్ల గదా!"

ఆమె బట్ట తిప్పి వేసింది. అంతలో ఫాదర్ సవరిముత్తు లోపలికి వచ్చాడు. నడివయసు మనిషి, తూత్తుకుడి వైపువాడు, చేతిలో రెండు ఫోన్లు, రెండూ మోగుతున్నాయి. ఆయన కూడా సరిగ్గా పడుకుని చాలా రోజులైనట్టుంది. ఎవరమ్మా అని అడిగితే ఉన్నదంతా తమిళంలో గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. ఆయన పాపం అన్నాడు. పండగ కాగానే వారం రోజులు పంపిస్తానన్నాడు. ఈ నాలుగు రోజులూ మాత్రం ఈమె లేకపోతే తనకు ఏ బట్ట ఎక్కడుందో కూడా తెలియదన్నాడు.

"మా అత్త ప్రాణం ఏ ఫెరియా నాడు పోవాలో అది కూడా మీ క్యాలెండర్లో వేసి ఉందా ఫాదర్?" అన్నాను.

ఇస్త్రీపెట్టె ఆగింది. ఆయనకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. ముక్కాలిపీట లాక్కుని కూలబడ్డాడు.

"ఫెరియా!" అన్నాడు. "సెమినరీ చదువు ముగిశాక ఈ మాట ఎవరి నోటా వినలేదమ్మా. నీకెవరు చెప్పారు?"

"ఈమే. ఈమెకు రోజూ అదే జపం."

ఆయన చిన్నత్త వైపు చూశాడు, ఇన్నేళ్ళలో ఇదే మొదటిసారి చూస్తున్నట్టు. తర్వాత మెల్లగా చెప్పాడు. లాటిన్‌లో ఆ మాటకు మొదటి అర్థం సెలవు రోజట. కోర్టు కచేరీలు మూసేసి, బానిసలకు కూడా పని ఆపేసే రోజు. తర్వాత చర్చి వచ్చింది. దేవుణ్ణి నమ్మినవాడికి అన్ని రోజులూ విశ్రాంతి రోజులే అని పెద్దలు అన్నారట. సోమవారానికి రెండో ఫెరియా, మంగళవారానికి మూడో ఫెరియా, ఇట్లా శుక్రవారం దాకా ప్రతి రోజుకూ ఆ పేరే పెట్టారు. పోర్చుగీసువాళ్ళు ఇప్పటికీ సోమవారాన్ని అట్లాగే పిలుస్తారట. పెట్టగా పెట్టగా, పండగలేని రోజుకూ, మామూలు పనిదినానికీ అదే పేరు స్థిరపడిపోయింది. చివరికి ఏసుసామి చనిపోయిన పెద్ద శుక్రవారం కూడా పుస్తకంలో ఆరో ఫెరియాయే.

"సెలవని పుట్టిన మాట అది" అన్నాడు. "దినదినమూ పండగే అని చెప్పడానికి వాడారు."

చిన్నత్త ఇస్త్రీపెట్టెను నిలువుగా పెట్టింది. తమిళంలోనే అడిగింది, కోపంగా కాదు, నిజంగా తెలుసుకుందామనే.

"దినమూ పండగే అయితే ఉతికేది ఎవురు ఫాదర్?"

ఆయన నవ్వబోయి మానేశాడు. ఫోన్ మోగింది. తేరుకు లైట్లు కట్టేవాడు. ఫోన్ పట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు. చిన్నత్త మళ్ళీ ఇస్త్రీకి వంగింది. నేను బయటికి వచ్చేశాను. బస్సులో కూచున్నాక వీళ్ళ దేవుళ్ళనూ మన దేవుళ్ళనూ కలిపి తిట్టుకున్నాను. ఇంటికి వెళ్ళి అత్తకు ఏం చెప్పాలో తెలియక పెరట్లోనే కాసేపు నిలబడ్డాను. చివరికి, పండగ మరునాడు వస్తుందని చెప్పాను. ఆమె తల ఊపింది, నమ్మలేదు.

పద్నాలుగో తేదీ, పండగ ముందు రోజు. ఆ రోజు చర్చిలో పని తలకు మించి ఉంటుంది. మా వాకిట్లో నీళ్ళు చల్లుతుంటే మొదటి బస్సు ఆగింది. చిన్నత్త దిగింది. చేతిలో ఒక గుడ్డసంచి, జుట్టు రేగిపోయి ఉంది.

"ఏంది చిన్నత్తా, ఈ దినం ఫెరియానా?" అన్నాను. నోరు ఊరుకోదు కదా.

"కాదు" అంది. "ఎవరో సామి పండగ, ఎర్రబట్ట. తీసి పెట్టినాను. రేపటి తెల్లబట్టలు కొన్ని అట్లనే ఉండాయి. ఫాదర్‌తో చెప్పలేదు. వచ్చేసినాను."

అన్నేళ్ళలో ఆమె చెప్పకుండా పని వదిలి రావడం అదే మొదటిసారి. నేను ఆమె సంచి అందుకున్నాను, ఆ క్షణంలో ఆమె కాళ్ళకు దండం పెట్టాలనిపించింది.

లోపలికి వెళ్ళగానే అక్కను చూసింది. మంచం మీద ఎముకలూ చీరా తప్ప ఏమీ మిగల్లేదు. ఏడవలేదు. గబగబా చుట్టూ చూసి మంచం కింద మూటగా ఉన్న దుప్పట్లు లాగింది. "ఇవి ఉతకల్లనా? సత్యా, సబ్బు ఎక్కడ?" అంటూ కొంగు బిగించింది. పనిలో పడిపోతే ఏడుపు రాదని కాబోలు.

"పంకజా" అంది మా అత్త. గొంతు లేదు, గాలి మాత్రమే. "అవి ఆడ పెట్టు."

"ఒక నిమిషమే అక్కా, పిండి ఆరేసి..."

"ఆడ పెట్టు అంటిని గదా. నాకు ఉతికేదానికి మనుషులుండారు. నువ్వు ఇట్ల రా. పండుకో."

"నేనా? పొద్దున్నే పండుకునేదేంది అక్కా? నీకు తల దువ్వుతాను, కాళ్ళు పిసుకుతాను. ఎన్ని మాటలుండాయి నీతో!"

"మాటలు ఆమీద. ముందు పండుకో. నిన్ను చూస్తే నాకంటే నువ్వే ముందు పోయేట్టుండావు."

మా అత్త మంచం పక్కనే చాప పరిపించింది. చిన్నత్త "అయిదు నిమిషాలే, సరేనా" అంటూ ఒరిగింది. ఒరిగిందో లేదో గురక. నోరు తెరుచుకుని, ఒక చెయ్యి తల కింద పెట్టుకుని, పసిపిల్లలా నిద్రపోయింది.

నేను కాఫీ తెచ్చాను. "లేపొద్దు" అంది మా అత్త. కాఫీ చల్లారిపోయింది. గాలికి తలుపు కొట్టుకుంటే దానికి రాయి అడ్డం పెట్టమంది. వీధిలో చేపలమ్మే బండి అరుచుకుంటూ వస్తే మాధవన్‌ను పంపి అవతలి వీధికి పొమ్మంది. అన్నం వండాను, ఎవరూ తినలేదు. నాకు లోపల్లోపల కుతకుతలాడిపోతోంది. ఎన్ని ఫోన్లు, ఎంత గొడవ, ఎంత బతిమాలుకుని తెప్పిస్తే ఈమె వచ్చి నిద్రపోవడమా? ఆ అక్కకు మిగిలింది ఎన్ని రోజులు? ఆ ఒక్క నిండు రోజూ గురకలో పోతోందే!

చిన్నత్త సంచిలో ఫోన్ మోగింది. ఆగి మళ్ళీ మోగింది. తీసి చూస్తే ఫాదర్. మా అత్త చెయ్యి చాపింది. ఇచ్చాను.

"సామీ" అంది మా అత్త తమిళంలో, ఊపిరి కూడగట్టుకుంటూ. "నేను దాని అక్కను. అది నిద్రపోతా ఉండాది. నేను లేపను."

ఆయన ఏదో చిన్నగా అన్నాడు. మా అత్త ఫోన్ నాకిచ్చి, "సరి అమ్మా, నిద్రపోనీండి అంటుండాడు. మంచివాడే" అంది.

మధ్యాహ్నమంతా ఆమె ఒక పాత వారపత్రికతో చెల్లెలికి విసురుతూనే ఉంది. మంచి నీళ్ళ గ్లాసు ఎత్తడానికి బలం లేని చెయ్యి అది. రెండు విసుర్లు విసిరి ఆగేది, ఊపిరి తీసుకునేది, మళ్ళీ విసిరేది. నేను తీసుకోబోతే ఇవ్వలేదు. గుమ్మంలో నిలబడి అదంతా చూశాను. నేను రెండు నెలలుగా పగలూ రాత్రీ ఒళ్ళు తుడిచి, కిందా పైనా చూసుకుంటున్నాను, నన్ను ఒక్కనాడు కూచో అనలేదే అనిపించింది. అనిపించడం తప్పే, కానీ అనిపించింది. మా అత్త తల తిప్పకుండానే అంది.

"నువ్వూ వచ్చి ఆ పక్కన పండుకో సత్యా. కాళ్ళు నొప్పి పుట్టవా నీకు?"

"నాకు పనుంది అత్తా" అని వంటింట్లోకి పోయి, నీళ్ళ కుండ పక్కన కూచుని వెక్కి వెక్కి ఏడ్చాను.

పొద్దుగూకే వేళకు చిన్నత్త ఉలిక్కిపడి లేచింది. వాకిట్లో ఎర్రటి వెలుతురు చూసి తెల్లారిందనుకుంది. విషయం తెలిశాక తల కొట్టుకుంది.

"అయ్యయ్యో! నన్ను లేపకూడదా? ఎవురైనా లేపకూడదా? దినమంతా పోయిందే! ఒక్క మాట మాట్లాడకపోతినే నీతో!"

"ఏంటికి ఏడుస్తావు?" అంది మా అత్త. "మాటలు ఫోన్లో కూడా వస్తాయి. నువ్వు నిద్రపోయేది ఫోన్లో కనబడదు గదా."

చిన్నత్త ఆమె పొట్ట మీద తల పెట్టబోయి, కుట్లు గుర్తొచ్చి, చేతుల్లో తల పెట్టుకుంది. మా అత్త ఆమె జుట్టులో చిక్కులు తీస్తూ ఉండిపోయింది. రాత్రి ఉండిపొమ్మని నేను అన్నాను. మా అత్తే వద్దంది. "రేపు వాళ్ళ అమ్మ పండగ. అమ్మ పండగకు లేకుంటే బాగుండదు. ఇంక పో" అని కడపటి బస్సుకు పంపించింది. ఆ రాత్రి గంజి ఒక గిన్నె నిండా తాగింది, అడిగి మరీ తాగింది.

చర్చిలో ఏం జరిగిందో తర్వాత చిన్నత్త ఫోన్లో చెప్పింది. ఆమె తిరిగి వెళ్ళేసరికి ఫాదర్ తన తెల్లబట్ట తనే ఇస్త్రీ చేసుకున్నాడట. వెనకవైపు అంచు మీద అచ్చంగా ఇస్త్రీపెట్టె ఆకారంలో గోధుమరంగు మచ్చ పడింది. తేరు వెంట అట్లాగే నడిచాడు. ఊరంతా చూసింది, ఒక్కరూ ఏమీ అనలేదు. ఆయన మాత్రం చిన్నత్తకు తన చెయ్యి చూపించాడట, బొటనవేలి మీద బొబ్బ. "ఇంత కష్టమా పంకజం అమ్మా?" అన్నాడట. ఇప్పుడు ఆ పనికి ఇంకో మనిషిని కూడా పెట్టారు. కొత్తామెకు చేత కావడం లేదని చిన్నత్త గొణుగుతుంది, మళ్ళీ నిలబడి తనే చేస్తుంది. ఆ మనిషి మారదు.

మా అత్త ఆడి వెనక వచ్చే ఆవణి నెల చివర్లో, ఒక పొద్దున కాఫీ వేళకు పోయింది. చర్చిలో ఆ రోజు మాత పుట్టినరోజు, పెద్ద పండగ. చిన్నత్త వేళ్ళకు గంజి అట్లాగే అంటుకుని ఉండగా వచ్చింది. అక్కకు చివరి స్నానం తనే చేయించింది, కట్టించిన చీర మడతలు తనే సర్దింది. ఎత్తుకుపోయాక ఆడవాళ్ళమంతా ఇంట్లో కూచున్నాం. చిన్నత్త గోడకు ఆనుకుని, కాళ్ళు చాపుకుని ఉంది.

సేత్తూరు నుంచి వచ్చిన వాళ్ళ పెద్దమ్మ కూతురు శంకరియమ్మాళ్ ముక్కు చీదుకుని దగ్గరికి జరిగింది. ఇట్లాంటి చోట అందరూ అడిగే ఆ చివరి మాట గురించే అడిగింది.

"నువ్వు చూసేదానికి వచ్చినావంట గదా పంకజం. దినమంతా పక్కనే ఉన్నావంట. కడాసిగా నీతో ఏమి చెప్పింది అక్క?"

అందరూ మాటలు ఆపి ఇటు తిరిగారు. చిన్నత్త తన చేతులు చూసుకుంది, ఎండిన గంజి పొట్టు గోటితో తీసింది.

"ఏమీ చెప్పలేదు" అంది. "నన్ను నిద్రపోనిచ్చింది."